పాత తలుపు చెక్కతో సీపీయూ డబ్బా చేద్దామనుకుంటున్నా, అంటుకుంటుందా?

పాకాల రోడ్డు | ఏప్రిల్ 27, రాత్రి

నమస్తే అందరికీ. నర్సంపేట అవతల మా ఊళ్లో అమ్మమ్మ వాళ్ల పెంకుటిల్లు ఈ మధ్యే విప్పేశారు. దూలాలు, వాసాలు పాత కలప కొనేవాళ్లు పట్టుకుపోయారు. వంటింటి తలుపు రెక్కలు రెండు మాత్రం నేను పట్టుబట్టి ట్రాలీ ఆటోలో హన్మకొండ తెచ్చాను. టేకు. పొయ్యి మసి పట్టి నల్లగా ఉంది కానీ చాకుతో కొంచెం గీకితే లోపల తేనె రంగు. ఇప్పుడు మెట్ల కింద నిలబెట్టాను. "ఎన్నాళ్లు అడ్డం పెడతావు" అని ఇంట్లో రోజూ అడుగుతున్నారు.

నా పాత రేకు క్యాబినెట్‌కు ముందు మూత విరిగింది, పక్క రేకు సరిగ్గా మూసుకోదు. దాని బదులు ఈ చెక్కతో డబ్బా చేద్దామని. లోపలి సామాను పెద్దదేం కాదు: రైజెన్ 5 5600జి ప్రాసెసర్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, మైక్రో ఏటీఎక్స్ బోర్డు, 450 వాట్ల పవర్ సప్లయ్, ఒక ఎస్‌ఎస్‌డీ. బోర్డు 244 మిల్లీమీటర్ల చదరం. పవర్ సప్లయ్ 150 వెడల్పు, 86 ఎత్తు, 140 లోతు. కాగితం మీద గీసుకుంటే బయటి కొలత 42 సెంటీమీటర్ల ఎత్తు, 40 లోతు, 22 వెడల్పు వచ్చింది.

డ్రిల్లు, జిగ్‌సా (కరెంటు రంపం) ఉన్నాయి. చిత్రిక మామయ్యను అడిగి తెచ్చుకోవాలి. వడ్రంగం రాదు. ఇంటర్లో ఉన్నప్పుడు ఒక స్టూలు చేశాను, అది ఇప్పటికీ కుంటుతోంది.

అసలు ప్రశ్న: కంప్యూటర్ వేడికి చెక్క అంటుకుంటుందా? దీనికి జవాబు చెప్తేనే ఒప్పుకుంటానని మా ఆవిడ షరతు.

రామగుండం నైట్‌షిఫ్ట్ | ఏప్రిల్ 27, రాత్రి

వద్దు తమ్మీ. మన దగ్గర మే నెలంటే 45 డిగ్రీలు. రేకు డబ్బానే ముట్టుకుంటే చురుక్కుమంటుంది, చెక్కలో పెట్టి మూస్తే కుంపటే. పాత టేకుకు మంచి ధర పలుకుతుంది. అమ్మేసి కొత్త క్యాబినెట్ కొనుక్కో, మిగిలిన పైసలతో దావత్ చెయ్.

మంచిర్యాల మల్టీమీటర్ | ఏప్రిల్ 28, ఉదయం

నైట్‌షిఫ్ట్ గారూ, అంత భయం అక్కర్లేదు. పాలిటెక్నిక్ ల్యాబ్‌లో రోజూ ఇవే చూస్తుంటాను కాబట్టి చెప్తున్నా. ఆ ప్రాసెసర్ 95 డిగ్రీలు తాకితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అది చిప్పు లోపలి వేడి. ఫ్యాన్ బయటికి తోసే గాలి 50, మహా అయితే 55. చెక్క దానంతటదే అంటుకోవాలంటే 250 డిగ్రీలు దాటాలి. ఆ రెండింటికీ పొంతనే లేదు.

కానీ ఒక మాట దాచకూడదు. కంప్యూటర్‌లో నిప్పు పుట్టేది మామూలు వేడి వల్ల కాదు, లూజు కనెక్టర్ వల్లో, నాసిరకం పవర్ సప్లయ్ వల్లో. రేకు డబ్బాలో అయితే ఆ నిప్పు లోపలే ఆరిపోవచ్చు. చెక్క డబ్బాలో ఆ భరోసా లేదు. అందుకని పవర్ సప్లయ్ మంచిది వాడండి, దాని చుట్టూ రేకు ఉంచండి, రాత్రంతా డౌన్‌లోడ్ పెట్టి పడుకోకండి. మీ ఆవిడకు ఈ మొత్తం చదివి వినిపించండి, మొదటి పేరా ఒక్కటే కాదు.

చేవ | ఏప్రిల్ 28, మధ్యాహ్నం

అన్నా, మాది దేశాయిపేట. నాన్న నలభై ఏళ్లుగా వడ్రంగి పని చేస్తున్నాడు, నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఈ థ్రెడ్ నాన్నకు చదివి వినిపించాను. ఆయన అడిగిన మొదటి మాట, "చేవ ఎంతుంది, తెల్లకర్ర ఎంతుంది?"

టేకులో నడిమి గోధుమ రంగు భాగమే చేవ. చెదలు దాని జోలికి అంతగా రావు. అంచుల్లో పాలిపోయిన తెల్లకర్ర ఉంటే అది పుచ్చుతుంది, పిండి రాలుతుంది. తలుపు అంచులు చూసుకో, గోరు దిగితే ఆ మేరకు కోసి పారెయ్.

రెండోది, మేకులు. పాత తలుపంటే లోపల ఎక్కడో విరిగిన మేకు ఉండే ఉంటుంది. పాడైన స్పీకర్‌లోంచి అయస్కాంతం తీసి దారం కట్టి చెక్క మీద నెమ్మదిగా జరుపు. ఎక్కడ లాగితే అక్కడ సుద్దతో గుర్తు పెట్టు. చూడకుండా చిత్రిక పట్టావంటే మామయ్య చిత్రిక బ్లేడు పోతుంది, తర్వాత మామయ్యతో మాటలూ పోతాయి.

కాజీపేట జంక్షన్ | ఏప్రిల్ 28, మధ్యాహ్నం

ఎమ్‌డీఎఫ్ (చెక్క పొడిని జిగురుతో నొక్కి చేసే) షీట్‌తో చేసుకో బ్రో, ఒక్క పూటలో అయిపోతుంది. టేకు గీకు, మేకు వెతుకు, ఇదంతా ఎందుకు?

చేవ | ఏప్రిల్ 28, మధ్యాహ్నం

జంక్షన్ అన్నా, ఎమ్‌డీఎఫ్ కోస్తే వచ్చేది పొట్టు కాదు, పౌడరు. అది ఫ్యాన్‌లోకి పోతుంది. వానకాలం గోడ పక్కన తడి తగిలితే అంచులు బిస్కెట్ లెక్క ఉబ్బుతాయి. చెక్క లేనివాళ్లు 12 మిల్లీమీటర్ల బీడబ్ల్యూఆర్ (నీటి తడిని తట్టుకునే రకం) ప్లైవుడ్ తీసుకోవచ్చు, ఐఎస్ 303 ముద్ర చూసి. ఇంట్లో టేకు పెట్టుకుని ఎమ్‌డీఎఫ్ కొనడం మాత్రం పెరట్లో మామిడి చెట్టు పెట్టుకుని మ్యాంగో జ్యూస్ ప్యాకెట్ కొన్నట్టు.

మంచిర్యాల మల్టీమీటర్ | ఏప్రిల్ 28, రాత్రి

ఇప్పుడు ముఖ్యమైన పని గురించి. బోర్డును నేరుగా చెక్కకు మరలతో బిగించకండి. పాత క్యాబినెట్ పారేయకుండా దాన్నే విప్పండి. బోర్డు కూర్చునే ట్రే, దానికి అంటుకుని వెనక రేకు, అంటే పోర్టులు బయటికి వచ్చే కన్నం, కార్డు స్లాట్లు, పవర్ సప్లయ్ బిగించే చోటు, ఇవన్నీ ఒక్క ముక్కగా బయటికి వస్తాయి. మిగతా రేకులకు వాటిని కలిపేవి చిన్న రివెట్లు. రివెట్ తల మీద 4 మిల్లీమీటర్ల బిట్‌తో డ్రిల్ చేస్తే తల ఊడి రింగులా బిట్‌కు చుట్టుకుంటుంది. కళ్లజోడు తప్పనిసరి.

ఎందుకింత పట్టు అంటే, పోర్టుల కన్నం 158.75 × 44.45 మిల్లీమీటర్లు, కార్డు స్లాట్ల మధ్య దూరం 20.32. ఈ కొలతలు చెక్కలో చేత్తో తెచ్చేసరికి సగం ప్రాణం పోతుంది. ఒక మిల్లీమీటర్ తేడా వస్తే యూఎస్‌బీ పోర్టు సగం రేకు వెనక దాక్కుంటుంది. పాత ట్రే వాడితే ఆ బాధ లేదు. బోర్డును రేకుకు తాకకుండా ఎత్తి ఉంచే ఇత్తడి స్టాండాఫ్‌లు కూడా దాని మీదే ఉంటాయి.

ఇంకో లాభం ఎర్తింగ్. పవర్ సప్లయ్ బాడీ మూడో పిన్ను ద్వారా ఎర్త్‌కు కలుస్తుంది. అది రేకుకు బిగిస్తే రేకు, ట్రే, బోర్డు మరల కన్నాలు అన్నీ ఎర్త్ అవుతాయి. చెక్క మీద పెట్టినా కంప్యూటర్ పనిచేస్తుంది, బోర్డుకు నల్ల తీగల గ్రౌండ్ ఉంటుంది కాబట్టి. కానీ చలికాలం స్వెటర్ వేసుకుని యూఎస్‌బీ ముట్టుకున్నప్పుడు వచ్చే చిటుక్కు పోవడానికి సరైన దారి ఉండాలి.

పాకాల రోడ్డు | ఏప్రిల్ 29, ఉదయం

మేడమ్, ఇది చదివి సగం టెన్షన్ తగ్గింది. వెనక రేకు కొలతలు నేను చెక్కలోనే కోద్దామని నిన్న రాత్రే పెన్సిల్‌తో గీశాను, ఇప్పుడు చెరిపేస్తున్నా.

ఎర్తింగ్ మాటెత్తారు కాబట్టి అడుగుతున్నా: పాత డబ్బాను వెనక ముట్టుకుంటే చెయ్యి జిలజిలమనేది. అది డబ్బా తప్పా, ఇంటి తప్పా?

మంచిర్యాల మల్టీమీటర్ | ఏప్రిల్ 29, ఉదయం

ఎక్కువ సార్లు ఇంటి తప్పే. పవర్ సప్లయ్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల గుండా కొద్దిపాటి కరెంట్ బాడీకి వస్తుంది, అది ఎర్త్‌లోకి పోవాలి. ఎర్త్ లేకపోతే మీ చెయ్యి ఎర్త్ అవుతుంది. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 వోల్టుల దగ్గర చూపించాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. సాకెట్‌లో మల్టీమీటర్ పెట్టడం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. మీది ఉప్పు బొగ్గు వేసిన పాత ఎర్త్ గుంత అయితే ఈ ఎండలకు మట్టి ఎండిపోయి ఉంటుంది. ముందు రెండు బకెట్ల నీళ్లు పోసి చూడండి.

పాకాల రోడ్డు | ఏప్రిల్ 30, రాత్రి

గుంత మీద ఇంటి ఓనరు తులసికోట కట్టించారు. పక్క నుంచి పైపు దూర్చి నీళ్లు పోశాం. జిలజిల పోయింది. కంప్యూటర్ ఇంకా మొదలే కాలేదు, అప్పుడే ఒక లాభం.

నిర్మల్ బొమ్మ | మే 1, ఉదయం

మా ఊరి వైపు నుంచి ఒక సలహా. మా దగ్గర బొమ్మలకు వాడేది పొనికి కర్ర, దూది లెక్క తేలిక. డబ్బా కోసం దాన్ని మాత్రం ఎవరూ ప్రయత్నించకండి, మర పట్టదు, తిప్పితే బెజ్జం పెద్దదవుతుంది. కానీ బొమ్మల వాళ్ల దగ్గర నేర్చుకోదగ్గది పూత. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించిన జిగురులో మెత్తటి రంపపు పొట్టు కలిపితే మంచి లప్పం. మీ తలుపుకు మేకులు తీసిన కన్నాలుంటాయి కదా, ఆ టేకు పొట్టుతోనే కలిపి నింపండి, రంగు కలిసిపోతుంది. బజారులో దొరికే పుట్టీ నింపితే పాలిష్ వేశాక మచ్చల్లా కనిపిస్తాయి.

పాకాల రోడ్డు | మే 5, రాత్రి

పని మొదలైంది. మొదటి రోజే దెబ్బ.

చేవ తమ్ముడు చెప్పినట్టు అయస్కాంతం తిప్పాను. ఏడు మేకులు దొరికాయి, పీకేశాను. ఎనిమిదోది గొళ్లెం ఉన్న చోట అడ్డంగా లోపల ఉంది, అయస్కాంతానికి అందలేదు. జిగ్‌సా సాఫీగా పోతూ పోతూ ఒక్కసారి కీచుమంది, నిప్పురవ్వ ఒకటి ఎగిరింది, బ్లేడు పళ్లు నాలుగు నున్నగా అయిపోయాయి. ఆ మేకు కోసిన ముఖం వెండిలా మెరుస్తోంది, చుట్టూ టేకు మాత్రం కాటుక పెట్టినట్టు నల్లగా ఉంది. మా ఆవిడ అప్పుడే టీ తెచ్చింది, రవ్వ చూసింది. "అంటుకోదన్నావు?" అంది.

ఇంకోటి, టేకు దుమ్ముకు ఒకటే తుమ్ములు, మోచేతుల దగ్గర దురద. మాస్క్ లేకుండా సాండ్ పేపర్ పట్టకండి.

చిత్రిక పడుతుంటే మాత్రం ఆ సుఖం వేరు. మసి పొర ముడుచుకుని చుట్టలు చుట్టలుగా లేస్తుంటే కింద నుంచి కొత్త చెక్క బయటపడుతుంది, ఆ తోలు వాసన లాంటి నూనె వాసన గదంతా నిండుతుంది. 18 మిల్లీమీటర్లకు దించి ఆపాను.

ఒక రెక్క లోపలి వైపు మేకుతో గీసిన గీతలున్నాయి. నాలుగు నిలువు, ఒకటి అడ్డం, అలా గుత్తులు గుత్తులుగా. అమ్మమ్మకు ఫోన్ చేస్తే, "అది పాల లెక్క, దాన్ని గీకినవా?" అని అరిచింది. గీకలేదు. ఆ ముక్కను పక్క మూతకు లోపలి వైపు వచ్చేలా పెడుతున్నా.

రామగుండం నైట్‌షిఫ్ట్ | మే 5, రాత్రి

అమ్మేయమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

కాజీపేట జంక్షన్ | మే 6, ఉదయం

ఫ్యాన్ కన్నం ఎలా కోస్తావ్ బ్రో? 120 ఎమ్ఎమ్ ఫ్యాన్ కదా, 120 చదరం కన్నం పెడితే ఫ్యాన్ కాస్తా అందులోంచి జారిపోతుంది. నేను ఒకసారి చేసిన ఘనకార్యం.

పాకాల రోడ్డు | మే 6, ఉదయం

హ హ. గుండ్రటి కన్నం 115 వ్యాసం పెడుతున్నా. మరల కన్నాలు మాత్రం ఒకదానికొకటి 105 మిల్లీమీటర్ల దూరం, నాలుగు మూలలా. కంపాస్ లేదు, మేకుకు దారం కట్టి తిప్పాను, ముగ్గు వేసినట్టు. కింద ఒక ఫ్యాన్ గాలి లోపలికి, వెనక పైన ఒకటి బయటికి. అడుగున రబ్బరు కాళ్లు పెట్టి రెండు అంగుళాలు లేపుతా, లేకపోతే కింది ఫ్యాన్‌కు నేలే అడ్డం.

చేవ | మే 6, మధ్యాహ్నం

ఫ్యాన్‌కూ చెక్కకూ మధ్య పాత సైకిల్ ట్యూబ్ ముక్కలు కోసి వాషర్లలా వెయ్ అన్నా. పలుచటి చెక్క డప్పు లెక్క మోగుతుంది, ఫ్యాన్ అదురు అంతా గదిలో వినిపిస్తుంది. క్లాంపులు లేకపోతే అతికేటప్పుడు కూడా అదే ట్యూబ్ సాగదీసి చుట్టూ బిగించు. ఫెవికాల్ పెట్టి ఒక రాత్రంతా కదపొద్దు.

పాత టేకులో మర దిగదు, బలవంతం చేస్తే తల విరుగుతుంది. ముందు సన్న బిట్‌తో కన్నం వేసి, మరకు బట్టల సబ్బు రుద్ది తిప్పు. ఇది నాన్న మాట.

పాలకుర్తి పవర్ బటన్ | మే 7, రాత్రి

చదువుతూ వచ్చాను, ఇక ఆగలేక రాస్తున్నా. పవర్ స్విచ్ విషయంలో నాలాగా చేయకండి. రెండేళ్ల క్రితం నేనూ ప్లైవుడ్ డబ్బా చేశాను. ముందు స్టైల్‌గా ఉంటుందని మామూలు లైటు స్విచ్ పెట్టాను, ఇత్తడి పిడి ఉన్న పాతకాలం నల్ల స్విచ్. వేస్తే ఆన్ అయ్యేది, వెంటనే ఆగిపోయేది. ర్యామ్ మార్చాను, పవర్ సప్లయ్ మార్చాను, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ దాకా బోర్డు మోసుకెళ్లాను. అక్కడి కుర్రాడు బల్ల మీద పెట్టి స్క్రూడ్రైవర్‌తో పవర్ స్విచ్ తీగలు తగిలించే రెండు పిన్నులు ముట్టించగానే చక్కగా ఆన్ అయి కూర్చుంది.

సంగతేమిటంటే ఆ పిన్నులు ఒక్క క్షణం కలిసి విడిపోవాలి. నాలుగు సెకన్లు కలిసే ఉంటే బలవంతంగా ఆపమని అర్థం. లైటు స్విచ్ వేస్తే కలిసే ఉంటుంది కదా, అదే ఆన్ చేసి అదే ఆపేది. ఇప్పుడు కాలింగ్ బెల్ బటన్ పెట్టాను. ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది, నొక్కి వదిలితే చాలు.

పాకాల రోడ్డు | మే 7, రాత్రి

కాలింగ్ బెల్! ఇదే ఖాయం. గంట గుర్తు ఉన్నదే కొంటా.

మంచిర్యాల మల్టీమీటర్ | మే 8, ఉదయం

బాగుంది, కానీ ఆ బటన్ తీగలను 230 వోల్టుల తీగలతో కలిపి ఒకే చోట కట్టకండి. ఆ పిన్నుల మీద ఉండేది 5 వోల్టులకు మించదు, పొరపాటున మెయిన్స్ తగిలితే బోర్డు బూడిదే. ఇంకో చిన్న విషయం: చెక్క సిగ్నళ్లను ఆపదు. వైఫైకి అది మంచిదే, డబ్బా పక్కన రేడియో పెడితే మాత్రం గరగర వస్తుంది. ఇబ్బందైతే మూత లోపల అల్యూమినియం టేపు అతికించి దాన్ని ట్రేకు తాకించండి. పాల లెక్క మీద కాదు.

నిర్మల్ బొమ్మ | మే 8, మధ్యాహ్నం

డబ్బా ముందు వైపు గ్రిల్ సంగతేంటి? పెంబర్తి ఇత్తడి రేకు పెట్టించు అన్నా, జనగామ దాటుతుంటే రోడ్డు మీదే. చెక్కకు ఇత్తడి తగిలితే అందం చెప్పనక్కర్లేదు.

పాకాల రోడ్డు | మే 8, రాత్రి

మనసు లాగుతోంది కానీ జేబు ఒప్పుకోవడం లేదు. ప్రస్తుతానికి చెక్కలోనే నిలువు సందులు కోస్తా, లోపల దోమల జాలి. ఎనుమాముల మార్కెట్‌కు దగ్గర్లో ఉంటాం కదా, మిర్చి సీజన్లో గాలి పీలిస్తే తుమ్మాల్సిందే. కంప్యూటర్ కూడా తుమ్ముతుందేమో.

చేవ | మే 14, రాత్రి

పాలిష్ దాకా వచ్చావా అన్నా? ఏం వేస్తున్నావ్?

పాకాల రోడ్డు | మే 14, రాత్రి

అవిసె నూనె తెచ్చాను. గుడ్డతో రుద్దితే ఆ రంగు, అబ్బ!

చేవ | మే 14, రాత్రి

గుడ్డ ఇప్పుడు ఎక్కడుంది?

పాకాల రోడ్డు | మే 14, రాత్రి

ఉండ చుట్టి మెట్ల కింద పొట్టు బస్తాలో వేశా. ఎందుకు?

చేవ | మే 14, రాత్రి

ఇప్పుడే లేచి తియ్. నిజంగా చెప్తున్నా. అవిసె నూనె ఆరేటప్పుడు గాలిలో ఆక్సిజన్ పట్టుకుని వేడి పుట్టిస్తుంది. గుడ్డ ఉండగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక లోలోపల పెరిగి, అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. అందులోనూ పొట్టు బస్తా! బయట దండెం మీద విప్పి ఒంటి పొరగా ఆరెయ్, లేకపోతే నీళ్ల బకెట్‌లో వెయ్.

పాకాల రోడ్డు | మే 14, రాత్రి

తీశాను. నడిమధ్యలో గోరువెచ్చగా ఉంది. చేతులు వణుకుతున్నాయి. పదిహేను రోజులుగా కంప్యూటర్‌కు చెక్క అంటుకుంటుందా అని ఇక్కడ చర్చ పెట్టి, నిప్పు నేనే చుట్టి బస్తాలో పెట్టుకున్నా. ఇంట్లో ఈ థ్రెడ్ చూపించను.

మంచిర్యాల మల్టీమీటర్ | మే 15, ఉదయం

చూపించండి. గుడ్డ సంగతి వాళ్లకూ తెలియాలి. నూనె వాసన పూర్తిగా పోయేదాకా, ఓ వారం పదిరోజులు, లోపల సామాను బిగించకండి.

పాకాల రోడ్డు | మే 27, రాత్రి

అయిపోయింది! చెక్క ఒక్కటే ఏడు కిలోలు, అన్నీ బిగించాక ఎత్తితే నడుం పట్టింది. బెల్ నొక్కగానే ఆన్ అయింది, ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టారు. మా చిన్నోడు వెళ్లి వీధి తలుపు తీశాడు, ఎవరొచ్చారోనని.

గది 38 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసర్ ఊరికే ఉంటే 52, వీడియో ఎడిటింగ్ పెడితే 84. చెక్క వేడిని బయటికి పోనివ్వదు కాబట్టి అంతా గాలి మీదే ఆధారం. వెనక ఫ్యాన్ కన్నానికి అడ్డంగా అందం కోసం వదిలిన రెండు చెక్క పట్టీలు కోసేస్తే 77కు దిగింది.

రామగుండం నైట్‌షిఫ్ట్ | మే 28, ఉదయం

శభాష్. 1976లో యాపిల్ మొదటి కంప్యూటర్ కొన్నవాళ్లకు ఉట్టి బోర్డే వచ్చేది, చెక్క డబ్బా కొందరు సొంతంగా చేయించుకున్నారు. ఇప్పుడు నువ్వు ఆ లెక్కలోకి వచ్చావ్ తమ్మీ. మొదటి మౌస్ కూడా చెక్కదే, 1964లో.

జగిత్యాల కొత్తవాడు | జూన్ 19, మధ్యాహ్నం

ఈ థ్రెడ్ చూసి నాకూ చెయ్యాలనిపించింది. మా పొలం గట్టు మీద టేకు చెట్లున్నాయి, ఒకటి కొట్టేస్తే సరిపోతుందా?

చేవ | జూన్ 19, రాత్రి

తమ్మీ, సొంత పట్టా భూమిలోని టేకు అయినా కొట్టాలన్నా, బండిలో తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. పైగా పచ్చి కర్ర ఆరకుండా కోస్తే డబ్బా అరటిపండులా వంగుతుంది. ఒక డబ్బాకు చెట్టెందుకు, టింబర్ డిపోలో బిల్లుతో ముక్కలు దొరుకుతాయి. పాత మంచం దొరికితే ఇంకా మేలు.

పాకాల రోడ్డు | జులై 21, రాత్రి

మళ్లీ వచ్చాను. వారం నుంచి ముసురు. నిన్న ధూళి తుడుద్దామని పక్క మూత లాగితే రాలేదు. స్క్రూడ్రైవర్‌తో తడితే టప్‌మని శబ్దం వచ్చి, చట్రం మూల దగ్గర అంగుళంన్నర పగులు. మేలో కాగితం దూరనంత బిగుతుగా కుదిరిందని మురిసిపోయాను. చేవ తమ్ముడూ, యాభై ఏళ్ల పాత టేకు కూడా ఉబ్బుతుందా?

చేవ | జులై 22, ఉదయం

అన్నా, పగిలిన ఫొటో నాన్నకు చూపించాను. ఒక్కటే అడిగాడు: "ఆ తలుపు విప్పినప్పుడు నడిమి పలక ఎట్ల వచ్చింది?"

పాకాల రోడ్డు | జులై 22, ఉదయం

ఎట్లా అంటే, చట్రం ఊడదీయగానే పలక దానంతటదే గాడిలోంచి జారి చేతిలో పడింది. జిగురు లేదు, మేకు లేదు. పాతబడి వదులైందనుకున్నా.

చేవ | జులై 22, మధ్యాహ్నం

పాతబడి కాదు. చేసిన రోజు నుంచే అంత వదులు. చుట్టూ చట్రం, చట్రానికి లోపల గాడి, గాడిలో పలక ఊరికే కూర్చుంటుంది. వానకాలం ఉబ్బితే గాడిలోకి పోతుంది, ఎండకాలం తగ్గితే వెనక్కి వస్తుంది. చెక్క పొడుగు వైపు దాదాపు కదలదు, అడ్డం వైపే కదులుతుంది. అడుగు వెడల్పు టేకు పలక మన ఎండకూ వానకూ మధ్య రెండు మిల్లీమీటర్ల దాకా మారుతుంది. ఎంత పాతదైనా అంతే, తేమ తీసుకోవడం మానదు. నువ్వు ఆ పలకనే తీసి, మే నెల ఎండలో, చట్రానికి నాలుగు వైపులా ఫెవికాల్ పెట్టి బిగించావు.

నాన్న నవ్వుతున్నాడు. తిట్టట్లేదు, నవ్వుతున్నాడు.

పాకాల రోడ్డు | జులై 22, రాత్రి

రెండున్నర నెలలు ఆ చెక్కతో కాపురం చేశాను, గాడి చేత్తో తడిమాను, దుమ్ము తుడిచాను. అది ఎందుకుందో ఒక్కసారి అనుకోలేదు.

ఆదివారం విప్పుతున్నా. చట్రానికి 8 మిల్లీమీటర్ల లోతు గాడి, పలక అడ్డం వైపు అటూ ఇటూ రెండేసి మిల్లీమీటర్లు ఖాళీ, జిగురు అస్సలు లేదు. పైమూత మరలకు గుండ్రటి కన్నాల బదులు పొడుగు కన్నాలు. పగుల్లో చింతగింజల లప్పం.

నిర్మల్ బొమ్మ | జులై 23, ఉదయం

పగుల్లో లప్పం ఒక్కటే పెడితే నిలవదు అన్నా. ముందు సన్నటి చీలికలోకి ఫెవికాల్ దారంతో లాగి, ట్యూబ్‌తో బిగించి ఆరాక పైన లప్పం.

పాకాల రోడ్డు | ఆగస్టు 2, రాత్రి

కుదిరింది. ఇంత ముసురులోనూ మూత వేలితో తోస్తే జరుగుతోంది. పలకను ఊపితే కొంచెం టకటకమంటుంది, అమ్మమ్మ వంటింటి తలుపు గాలికి చేసే చప్పుడే.

అమ్మమ్మ శనివారం వచ్చింది. కంప్యూటర్ ఎట్లా ఆన్ అవుతుందో చూపిస్తే పట్టించుకోలేదు. మూత తీయమని, కళ్లజోడు పెట్టుకుని గీతలు వేలితో లెక్కపెట్టింది. పదమూడు గుత్తులు, మీద రెండు.

పాలకుర్తి పవర్ బటన్ | ఆగస్టు 2, రాత్రి

లెక్క సరిపోయిందా?

పాకాల రోడ్డు | ఆగస్టు 2, రాత్రి

రెండు శేర్ల పైసలు పాలాయనకు ఇంకా ఇవ్వాలట. ఆయన ఏ ఊళ్లో ఉన్నాడో కనుక్కోమంది.